ఎలుగుబంటి డ్యూటీ

ఆ ఎండాకాలం మా ఆయన ఎలుగుబంటి అయ్యాడు.

ఎవరి శాపమూ కాదు. గ్రామపంచాయతీ తీర్మానం.

మా ఊరు చొప్పదండి దగ్గర. మా ఊళ్లో మనుషుల కంటే కోతులే ఎక్కువ అని ఎవరైనా అంటే మాకు నవ్వు రాదు, అది నిజం కాబట్టి. ఆ ఏడు అవి మరీ మీరిపోయాయి. గూనపెంకులు పీకి ఇంట్లోకి తొంగిచూసేవి. పొయ్యి మీద అన్నం ఉడికిందో లేదో మాకంటే ముందు వాటికే తెలిసేది. మా అత్తమ్మ కిష్టవ్వ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటే, ఒక ముసలి కోతి ఎదురుగా గోడ మీద కూర్చుని ఆమెనే చూసేది.

"నా మొగడు గూడ నన్ను గింతసేపు సూడలే" అనేది అత్తమ్మ.

గ్రామసభలో ఆడవాళ్లమంతా కలిసి సర్పంచ్ విద్యాధర్‌రావును నిలదీశాం. ఆయన అప్పటికే ఏదో వీడియో చూసి ఉన్నాడు. ఎక్కడో ఒక ఊళ్లో ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషిని చూసి కోతులు గుట్టలు పట్టి పోయాయట. పంచాయతీ తరఫున అలాంటి వేషం తెప్పిస్తానన్నాడు. తెప్పించాడు కూడా. నల్లటి బొచ్చు, ఎర్రటి నోరు, ప్లాస్టిక్ గోళ్లు. ఇక దాంట్లోకి మనిషి కావాలి.

సర్పంచ్ సభ మొత్తం కలియజూసి, మా ఆయన దగ్గర చూపు ఆపాడు.

మా ఆయన లక్ష్మణ్ పంచాయతీ కార్మికుడు. మురికి మోరీలు తీస్తాడు, నల్లా వాల్వు తిప్పుతాడు, చెత్త ట్రాక్టర్ నడుపుతాడు, వీధి దీపాలు వేస్తాడు, చచ్చిన కుక్కను పూడుస్తాడు. దీనంతటికీ కలిపి మల్టీపర్పస్ అని పేరు.

"మల్టీపర్పస్ అంటే ఏందనుకున్నవ్ లక్ష్మణ్?" అన్నాడు సర్పంచ్. "అన్ని పనులు. ఎలుగుబంటి గూడ దాంట్లనే వస్తది."

జనం నవ్వారు. మా ఆయన కూడా నవ్వి తలూపాడు. సర్పంచ్ నలుగురిలో తన పేరు పలికితే చాలు, ఆయనకు ఆ రోజు అన్నం అక్కర్లేదు.

మర్నాడు పొద్దున వాకిట్లో వేషం తొడుక్కుని మాకు చూపించాడు. పక్కింటి బర్రె పలుపు తెంపుకుని పారిపోయింది. సరిగ్గా అప్పుడే సంపత్ వచ్చాడు. సంపత్ పక్క ఊళ్లో నీళ్ల మోటరు నడిపే పంచాయతీ కార్మికుడు. మండలంలో కార్మికుల యూనియన్‌కు కార్యదర్శి కూడా అతనే. టీవీఎస్ బండి ఆపి ఎలుగుబంటిని కింది నుంచి మీది దాకా చూశాడు.

"లక్ష్మణ్ ఉన్నడా?" అని ఎలుగుబంటినే అడిగాడు.

"నేనే" అంది ఎలుగుబంటి.

సంపత్ నవ్వలేదు. అరుగు మీద కూర్చున్నాడు. "గీ పని నీకు నోటిమాటతోని చెప్పిండ్రా తమ్మీ, రాసిచ్చిండ్రా? రేపు ఏమన్న దెబ్బ తాకితే ఎవరు చూస్తరు?"

మా ఆయన ఎలుగుబంటి తల తీసి చంకలో పెట్టుకున్నాడు. "సంపతన్నా, నువ్వు మళ్ల మెంబర్‌షిప్ కోసం వచ్చినవ్ గదా. పని చేసెటోనికి యూనియన్ ఎందుకే? పని ఎగ్గొట్టెటోళ్లకు గావాలె. నాకు సర్పంచ్ సాబ్ ఉన్నడు. ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తుతడు."

"ఎత్తుతడు. నీతోని పనున్నన్ని దినాలు ఎత్తుతడు."

"చేరు కొడుకా" అంది అత్తమ్మ బీడీ చుడుతూనే. "మేం యూనియన్ల ఉన్నప్పుడు సేటు ఆకు తక్కువిచ్చి కట్టలు ఎక్కువడిగిండు. ఒక్కరన్న లొల్లి పెట్టలే. అందరం చాటలు బోర్లేసి కూసున్నం. పొద్దుగూకే వరకు ఆకు తూకం సక్కగైంది."

"అవ్వా, అది బీడీల ముచ్చట. ఇది గవర్నమెంటు."

"ఏది గవర్నమెంటు? గీ బొచ్చా?"

మా ఆయన ఎలుగుబంటి తల తగిలించుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. సంపత్ చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, తన దారిన తాను పోయాడు.

మొదట్లో వేషం బ్రహ్మాండంగా పనిచేసింది. బజార్లో ఎలుగుబంటి కనిపించగానే కోతులు పిల్లల్ని పొట్టకు కరుచుకుని గుట్ట ఎక్కాయి. మా ఆయన వీడియో మండలమంతా తిరిగింది. నల్లా వదిలే వేళకు వేషం విప్పే తీరిక ఉండేది కాదు, అలాగే వెళ్లి వాల్వు తిప్పేవాడు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు "ఎలుగన్నా, జర ఇంకింతసేపు ఇడువు" అని బతిమాలేవాళ్లు. పక్క ఊళ్ల సర్పంచులు ఫోన్ చేసి ఆ వేషం ఎక్కడ దొరుకుతుందని మా సర్పంచ్‌ను అడిగారు.

చెడగొట్టింది బీడీ.

ఒక మధ్యాహ్నం మా ఆయన బడి వెనక నీడకు చేరి, ఎలుగుబంటి తల పక్కన పెట్టి, బీడీ ముట్టించాడు. నేను చుట్టిన బీడీయే. గోడ మీద ఆ ముసలి కోతి కూర్చుని ఉంది. అది పొగ చూసింది. మీసం చూసింది. మర్నాటి నుంచి ఊళ్లో ఒక్క కోతి కూడా ఎలుగుబంటిని లెక్కచేయలేదు. ఎదురొస్తే పక్కకు జరిగి దారి ఇచ్చేవి, అంతే. ఒకటైతే ఆయన భుజమెక్కి బొచ్చులో పేలు వెతకడం మొదలుపెట్టింది.

ఆ పని అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ సర్పంచ్‌కు ఊరి బయట మామిడి తోట ఉంది. కాయ కోతకు వచ్చింది. తోట మీద పడే కోతుల గుంపు వేరు, గుట్ట అవతలిది. బీడీ సంగతి వాటి దాకా ఇంకా చేరలేదు.

"తోట కాడ నిలబడు లక్ష్మణ్" అన్నాడు సర్పంచ్. "ఆడికెళ్లే గద కోతులు ఊర్లెకు వచ్చేది. ఆడ ఆపితే ఊరంత బాగుపడ్డట్టే."

మా ఆయన నమ్మాడు. పొద్దంతా ఆ ఎండలో, ఆ బొచ్చులో. సాయంత్రం ఇంటికి వచ్చాక వేషాన్ని తీగ మీద ఆరేస్తే కింద మడుగు కట్టేది. ఆయన బుగ్గలు లోపలికి పోయాయి.

"రేపు పోకయ్యా" అన్నాను.

"సాబ్ నన్ను నమ్మిండే తిరుమలా. గంత మందిల నన్నే ఎందుకు పిలిచిండు?"

"గంత మందిల ఇంకెవ్వరు రారని పిలిచిండు" అంది అత్తమ్మ లోపలి నుంచి.

తర్వాత జరిగిందానికి ఎవరినీ తప్పుపట్టలేం, ఒక్క సర్పంచ్‌ను తప్ప. కాయ కోయడానికి ఆయన ఆసిఫాబాద్ అవతలి అడవి ఊళ్ల నుంచి కూలీలను పిలిపించాడు. వాళ్లకు వేషం సంగతి చెప్పడం మరిచిపోయాడు. వాళ్లేమో చిన్నప్పటి నుంచి నిజం ఎలుగుబంట్ల మధ్య తిరిగినవాళ్లు.

ఆ మధ్యాహ్నం మా ఆయన కళ్లు తిరిగి ఒక చెట్టు మొదట్లో పడిపోయాడు. కూలీలు ఆ చెట్టు కిందికే వచ్చారు. "అస్వల్, అస్వల్" అని ఒకడు కేకేశాడు. ఎలుగుబంటికి వాళ్ల వైపు మాట అది. ఆ కేకకు మా ఆయనకు తెలివి వచ్చింది. నాలుక పిడచగట్టుకుపోయి ఉంది. ఎదురుగా ఒకరి చేతిలో నీళ్ల సీసా కనిపించింది. ఇంకేం, రెండు చేతులూ చాచి, "నీళ్లు, నీళ్లు" అంటూ వాళ్ల మీదికి నడిచాడు. ఆ ముఖం లోపలి నుంచి ఆ మాట బయటికి గుర్రుమన్నట్టు వచ్చింది.

వాళ్ల దగ్గర కాయలు కోసే పొడుగు కర్రలు ఉన్నాయి. తెలిసినవాళ్లు కాబట్టి కంగారు పడలేదు. చుట్టూ నిలబడి పద్ధతిగా కొట్టారు. ఎలుగుబంటి తల ఊడి పక్కన పడి, దాని కింద ఇంకో తల కనిపించాకే ఆపారు.

పాపం మంచి మనుషులు. వాళ్లే నీళ్లు తాగించారు. వాళ్లూ, సర్పంచ్ జీతగాడూ కలిసి ట్రాలీలో పడుకోబెట్టి కరీంనగర్ దవాఖానకు తెచ్చారు. వాళ్ల మేస్త్రి నా ముందు చేతులు కట్టుకుని, "అక్కా, మేం మంచిగ చూసే కొట్టినం, ఎలుగుబంటే ఉండె" అని ఏడ్చాడు. మర్నాడు సర్పంచ్ కోత ఆపించి, వాళ్లను వాళ్ల ఊళ్లకు పంపించేశాడు. చూసినవాళ్లు లేకుండా పోయారు.

మా ఆయన కుడి చెయ్యి విరిగింది.

మంచం మీద నుంచి ఎడమ చేత్తో సర్పంచ్‌కు ఫోన్ చేశాడు. మోగి ఆగిపోయింది. "మీటింగ్ల ఉన్నడేమో" అన్నాడు. సాయంత్రం మళ్లీ చేశాడు. "సిగ్నల్ లేదేమో." మర్నాడు నా ఫోన్ అడిగి తీసుకున్నాడు. సర్పంచ్ వెంటనే ఎత్తాడు. మా ఆయన గొంతు వినగానే పెట్టేశాడు.

కాసేపటికి పంచాయతీ కార్యదర్శి దీక్షిత వచ్చింది. చిన్న పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరింది. నోటీసు నా చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగింది. నేను పైకి చదివాను. పంచాయతీ ఆస్తి అయిన ఎలుగుబంటి వేషాన్ని మా ఆయన ఎవరికీ చెప్పకుండా ఎత్తుకుపోయాడట. డ్యూటీ వేళలో దాన్ని తొడుక్కుని సర్పంచ్ గారి తోటలో మామిడికాయలు దొంగతనం చేస్తుంటే కూలీలు పట్టుకున్నారట. పనిలో నుంచి ఎందుకు తీసేయకూడదో చెప్పాలట.

"దొంగతనమా?" అన్నాను.

"సారు చెప్పిండు, నేను రాసిన అక్కా" అంది మెల్లగా. "పంచాయతీ మనిషిని సొంత తోటకు పెట్టుకున్నడని తెలిస్తే ఆయన పదవికే ముప్పు వస్తది. నాది గూడ ఇంకా పర్మనెంట్ కాలే."

మా ఆయన మళ్లీ చదవమనలేదు. ఫోన్ దిండు కింద పెట్టాడు.

"అవ్వా, సంపతన్న నంబర్ నీ దగ్గరున్నదా?"

అత్తమ్మ అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుని ఉంది.

సంపత్ ద్రాక్షపళ్లు పట్టుకుని వచ్చాడు. మా ఆయన అతని ముఖం చూడలేకపోయాడు.

"నేను మెంబర్‌ను కాదన్నా."

"ఎరుకే."

"మరి ఎందుకు వచ్చినవ్?"

"నీ మీద ప్రేమతోని వచ్చిననుకుంటున్నవా?" సంపత్ ఒక ద్రాక్షపండు తనే నోట్లో వేసుకున్నాడు. "మా సర్పంచ్ గూడ ఆ తోలు ఏడ దొరుకుతదని అడుగుతుండు. ఇయ్యాల నీ ముచ్చట తేలకపోతే రేపు ఊరికొక ఎలుగుబంటి అయితది. అందరికంటె ముందు నేను. నా పొడుగు సూడు, నా సైజుది దొరకది గూడ. మోకాళ్ల దాంక ఎలుగుబంటి, కింద సంపత్."

దెబ్బలు తిన్న తర్వాత మా ఆయన నవ్వడం అదే మొదటిసారి. పక్కటెముకలు నొప్పిపుట్టి మధ్యలోనే ఆపేశాడు. మెంబర్‌షిప్ కాగితం అడిగి తీసుకుని ఎడమ చేత్తో సంతకం పెట్టాడు. అది ఏ కోతో గీసినట్టు వచ్చింది.

"ధర్నా ఎప్పుడు?" అంది అత్తమ్మ. "నేను ముందట కూసుంట."

"ధర్నా వద్దు పెద్దవ్వా. ఆ నోటీసు మీద నేను అర్జీ పెట్టిన, ఎంక్వైరీకి ఎంపీడీఓ మేడం వస్తనన్నది. మండలంల అన్ని పంచాయతీల మీద ఆమెనే పెద్ద ఆఫీసర్. ఆమె వచ్చెదాంక ఏ ఊరి కార్మికుడు గూడ ఆ తోలు తొడగొద్దు. గంతే."

"గంతేనా?" అత్తమ్మకు బాగా నిరాశ కలిగింది.

"గంతే. చెట్ల మీద కాయ అట్లనే ఉన్నది. కోతులున్నయ్. తోలున్నది. లోపలికి దూరెటోడే ఉండడు. ఏమైతదో సూద్దాం."

సర్పంచ్ ముందు మా ఊళ్లోనే ఇంకో కార్మికుడు రాజయ్యను పిలిపించాడు. "తొడుగుత సారూ" అన్నాడట రాజయ్య ఎంతో వినయంగా. "కాకపోతే ఎలుగుబంటి డ్యూటీ ఎప్పటికెళ్లి ఎప్పటిదాంక, నీడ ఎక్కడ, దెబ్బ తాకితే ఎవరు చూస్తరు, జర రాసియ్యిండ్రి." ఇంకో పక్క ఊరి కార్మికుడు భానుప్రసాద్‌ను అడిగితే అతనూ అవే మాటలు అన్నాడు, అదే వినయంతో. ఆ పై ఊళ్లోనూ అంతే. చివరికి సర్పంచ్ తన సొంత జీతగాడిని అడిగాడు.

"దొరా, లక్ష్మణ్‌ను ట్రాలీల ఎక్కిచ్చిందే నేను" అన్నాడు ఆ జీతగాడు. "నన్ను ఎవరు ఎక్కిస్తరు?"

ఈలోగా గుట్ట అవతలి గుంపు తోటలో కాపురం పెట్టేసింది. ఒక్కో కాయను ఒక్క కొరుకు కొరికి పారేస్తున్నాయి. అత్తమ్మ రోజూ చాట పట్టుకుని తోట దారిలో కూర్చుని బీడీలు చుట్టి, సాయంత్రం వచ్చి, దవాఖాన నుంచి ఇల్లు చేరిన మాకు వార్తలు చెప్పేది. "ఇయ్యాల బంగినపల్లి ఖతమైంది. రేపటికెళ్లి దసేరి మీద పడతయ్."

ఎంక్వైరీ రోజు అత్తమ్మ పొద్దున్నే తోట వైపు వెళ్లి, గబగబా తిరిగొచ్చి, సంపత్ చెవిలో ఏదో చెప్పింది. ఏమిటని అడిగితే, "సప్పుడు చెయ్యకు పిల్లా" అని నన్ను కసిరింది.

ఎంపీడీఓ ఇందిరాదేవి మేడం జీపులో పంచాయతీ ఆఫీసుకు వచ్చింది. అప్పటికే ఎండకు ఆమె ముఖం చిరాగ్గా ఉంది. సర్పంచ్ లేడు.

"అర్జెంటు పని మీద కరీంనగర్ పోయిండు మేడం" అంది దీక్షిత నేల చూస్తూ.

"సరే, ఆ వేషమన్నా చూపించు."

దీక్షిత బీరువా తెరిచింది. లోపల పాత బ్యానర్లు తప్ప ఏమీ లేవు.

సంపత్ గొంతు సవరించుకున్నాడు. "మేడం, దెబ్బ తాకిన జాగ ఒకసారి చూస్తే మంచిగుంటది. దగ్గర్నే."

మేడం లేచింది. అత్తమ్మ ఎవరూ పిలవకుండానే జీపు ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. మిగతావాళ్లం జీపు వెనకే నడిచాం.

తోట మధ్యలో ఒక ఎలుగుబంటి రేకు డబ్బా కొడుతూ గంతులేస్తోంది.

నేను పక్కకు చూశాను. మా ఆయన నా పక్కనే ఉన్నాడు, చేతికి కట్టుతో, నోరు తెరుచుకుని. ఆ ఎలుగుబంటికి పొట్ట ముందుకు పొడుచుకొచ్చింది. బొచ్చు కింద తెల్లటి ఇస్త్రీ పంచె అంచు కనిపిస్తోంది. జీపు చప్పుడు వినగానే డబ్బా ఆగింది. ఎలుగుబంటి ఉరికి ఒక చెట్టు చాటున నిలబడింది. చెట్టు లేతది. ఎలుగుబంటి దానికి రెండు వైపులా కనబడుతూనే ఉంది.

"ఎవరది?" అంది మేడం.

ఎలుగుబంటి పొట్ట లోపలికి లాక్కుంది.

"మేడం" అన్నాడు సంపత్ మర్యాదగా, "గీ తోలు తొడుక్కొని గీ తోటల దూరెటోడు మామిడికాయల దొంగ అని సర్పంచ్ సాబే నోటీస్ ఇచ్చిండు. పోలీసులకు ఫోన్ చెయ్యమంటరా?"

"పోలీసులెందుకు బిడ్డా" అంది అత్తమ్మ. ఎప్పుడు తీసుకుందో, ఆమె చేతిలో కాయలు కోసే కర్ర ఉంది.

"ఆగుండ్రి, ఆగుండ్రి" అంది ఎలుగుబంటి. "నేనే మేడం. విద్యాధర్‌రావును."

మేడం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఎండకో, మరెందుకో. కాసేపయ్యాక, "బయటికి రండి, మాట్లాడుదాం" అంది.

బయటికి రావడమే కుదరలేదు. దాని జిప్పు వీపు మీద ఉంటుంది. ఎవరిది వారు తీసుకోలేరు. పొద్దున జిప్పు పెట్టిన జీతగాడు జీపును చూసి ఎటో పోయాడు. సర్పంచ్ చేతులు వెనక్కి పెట్టి, అందక, అక్కడే గిరగిరా తిరిగాడు. ఎవరూ కదలలేదు. తిరగడం మెల్లమెల్లగా ఊగడం అయింది. మోకాళ్లు వంగాయి.

మా ఆయన వెళ్లాడు. ఎడమ చేత్తో జిప్పు కిందికి లాగి, ఎలుగుబంటి తల తీసి గడ్డి మీద పెట్టాడు. సర్పంచ్ ముఖం ఉడికిన చిలగడదుంపలా ఉంది.

"నీళ్లు ఒక్కసారే తాగకుండ్రి సారూ" అన్నాడు మా ఆయన సీసా అందిస్తూ. "కొంచెం కొంచెం తాగాలె. లేకుంటె కక్కుతరు."

సర్పంచ్ కొంచెం కొంచెం తాగాడు.

మేడం జీపు బానెట్ మీదే ఆర్డర్ రాసింది. నోటీసు రద్దు. దెబ్బ పంచాయతీ పనిలో తగిలిందే కాబట్టి వైద్యం ఖర్చు పంచాయతీది. చెయ్యి బాగయ్యేదాకా జీతం ఆగకూడదు. సొంత తోటకు పంచాయతీ మనిషిని వాడుకున్నందుకు సర్పంచ్ సంజాయిషీ ఇవ్వాలి. ఆమె కలం మూత పెట్టబోతుంటే సంపత్ అడ్డం పడ్డాడు. "మేడం, ఎట్లాగు రాస్తున్నరు. వానలు పడకముందే కార్మికులందరికీ బూట్లు, చేతులకు గ్లౌజులు అని గూడ ఒక్క ముక్క." మేడం అతని వైపు గుర్రుగా చూసి, ఆ ముక్క కూడా రాసింది.

జీపు వెనక నడుస్తూ వస్తుంటే దీక్షిత మా దగ్గరికి జరిగింది. "సంపతన్నా, కార్యదర్శులకు గూడ గిట్ల యూనియన్ ఉంటదా?" అని అడిగింది, ఎవరూ వినకుండా. అందరం విన్నాం.

కట్టు విప్పేసరికి వానలు మొదలయ్యాయి. మా ఆయన తిరిగి డ్యూటీకి వెళ్లిన రోజే బూట్లు వచ్చాయి. మోకాళ్ల దాకా ఉండే నల్లటి రబ్బరు బూట్లు. అవి వేసుకుని మోరీ తీశాడు, వాల్వు తిప్పాడు, పనేం లేకపోయినా బజారంతా ఒక చుట్టు తిరిగాడు. సాయంత్రం ఊరి కార్మికులకు మీటింగ్ పెట్టి, రాజయ్యకు యూనియన్ గొప్పతనం గురించి చెప్పాడు. రాజయ్య యూనియన్‌లో చేరి చాలా ఏళ్లైంది. అయినా మర్యాదకు విన్నాడు.

ఇంటికి వచ్చాక అసలు కష్టం మొదలైంది. వాన నీళ్లకు లోపల కాళ్లు ఉబ్బాయి. బూట్లు రావడం లేదు. ఆయనకు కుడి చేతిలో ఇంకా పట్టు లేదు. ఆయన గడప పట్టుకుని వెల్లకిలా పడుకుంటే, ఒక కాలు నేను, ఒక కాలు అత్తమ్మ పట్టుకుని లాగాం. మనిషి మొత్తం మా వైపు జారి వచ్చాడు గానీ బూట్లు మాత్రం రాలేదు.

అత్తమ్మ చెమట తుడుచుకుని నేల మీద చతికిలబడింది.

"తోలు ఇడిపియ్యనీకె మండలమంత కదిలింది" అంది రొప్పుతూ. "గీ బూట్లకు మేమిద్దరమే ఎట్ల సరిపోతం? ఫోన్ తే పిల్లా, సంపత్‌ను పిలుస్త."